నాన్న షుగర్ మాత్రలు, అన్నయ్య రాతియుగం వాదన: ఇందులో నిజమెంత?

వానపిట్ట:

ఇంట్లో ఎవరితో మాట్లాడినా గొడవే అవుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆరు నెలల కిందట అన్నయ్య రాతియుగం తిండి అని మొదలుపెట్టాడు. వ్యవసాయం రాకముందు మనుషులు ఏం తిన్నారో అదే తినాలి, ధాన్యం, పప్పులు, పాలు, చక్కెర ముట్టకూడదు, పరిణామానికి పదివేల ఏళ్ళు ఏ మూలకీ చాలవు కాబట్టి మన ఒళ్ళు ఇంకా వేటాడే మనిషి ఒళ్ళే అంటాడు. తనకి బాగానే పనిచేసింది, అది ఒప్పుకోవాలి. పదకొండు కిలోలు తగ్గాడు, మెట్లెక్కితే ఆయాసం పోయింది. అంతవరకూ నాకూ సంతోషమే.

ఇప్పుడు నాన్న వంతు వచ్చింది. నాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్, రోజూ రెండు రకాల మాత్రలు వేసుకుంటారు. షుగర్ అసలు జబ్బే కాదు, తప్పు తిండికి శరీరం ఇచ్చే జవాబు, ధాన్యం మానేస్తే మాత్రలతో పని లేదు అని అన్నయ్య రోజూ వీడియోలు పంపి పంపి, చివరికి నాన్న ధాన్యం పూర్తిగా మానేశారు. ఒక మాత్ర ఎవరినీ అడక్కుండా ఆపేశారు. రెండోది గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నారు. పోయిన వారం ఒక మధ్యాహ్నం ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికిపోయాయి. అది ఒళ్ళు కొత్త తిండికి అలవాటు పడటం అన్నాడు అన్నయ్య.

ఇంకోటి కూడా చెప్పాలి. అన్నయ్య కూతురికి ఐదేళ్ళు. పోయిన నెల రెండు రోజులు జ్వరం. జ్వరం అనేది పరిణామం మనకిచ్చిన ఆయుధం, దాన్ని అణచకూడదు అని పారాసెటమాల్ వేయనివ్వలేదు. పాప నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు, వదిన రాత్రంతా ఏడుస్తూ కూర్చుంది.

నేను చదివింది కామర్స్. అన్నయ్య చెప్పే ప్రతి మాట వెనక ఎవరో సైంటిస్టు పేరు ఉంటుంది, నా దగ్గర "నాకు భయంగా ఉంది" అనే మాట తప్ప ఏమీ ఉండదు. తెలిసినవాళ్ళు చెప్పండి, పరిణామ శాస్త్రం నిజంగా ఇవే చెబుతోందా?


రాత్రిడ్యూటీ:

నేను డాక్టర్ని. పరిణామం గురించి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళకి వదిలేస్తాను. ముందు ఆ చెమటలు, వణుకు సంగతి చూడాలి. అది అలవాటు పడటం అని ఎవరూ కొలవకుండా చెప్పలేరు, నాకు వినగానే తట్టింది షుగర్ పడిపోయిందేమో అని.

గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. పిండిపదార్థం ఒక్కసారిగా మానేసి ఆ మాత్ర వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా కిందికి దిగుతుంది. ఇంకో రకం మాత్రలున్నాయి, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వస్తుంది (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్). అవి వాడుతూ పిండిపదార్థం పూర్తిగా ఆపితే రక్తంలో కీటోన్లు పేరుకుపోయి కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయం రావచ్చు. అందులో ఇంకా భయపెట్టే విషయం ఏమిటంటే షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకుండానే అది వచ్చేయగలదు, మీటర్ చూసి బాగానే ఉందనుకుంటారు. అంచేత నాన్నగారు ఏ మాత్ర ఆపారు, ఏది అప్పుడప్పుడు వేసుకుంటున్నారు అన్నది చిన్న విషయం కాదు. ఆ రెండు పేర్లూ తీసుకుని రేపే వాళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఈలోపు మళ్ళీ చెమటలు, వణుకు వస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే చూడటం కోసం ఆగకండి, చక్కెర నీళ్ళు ఇచ్చేయండి. స్పృహ సరిగా లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ అన్నయ్య మాటలో ఉన్న నిజం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. షుగర్ వెనక్కి తగ్గడం కల్పన కాదు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన డైరెక్ట్ అనే బ్రిటిష్ ట్రయల్‌లో బాగా బరువు తగ్గించే కార్యక్రమంలో పెట్టిన వాళ్ళలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్ళ షుగర్ మందులు మొదటి రోజే ఆపేశారు కూడా! కానీ ఆపింది వైద్య బృందం, ఆపాక పర్యవేక్షించింది కూడా వాళ్ళే. పైగా జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటినవాళ్ళని అందులో చేర్చుకోలేదు, మీ నాన్నగారికి పన్నెండేళ్ళు. ఇంకో సంగతి, వాళ్ళకి మొదటి నెలల్లో ఇచ్చింది రోజుకి సుమారు 850 కేలరీల షేకులు, సూపులు, ఫ్యాక్టరీలో తయారైనవి. రాతియుగంతో వాటికి ఏ సంబంధమూ లేదు. పనిచేసింది బరువు తగ్గడం.

జ్వరం గురించి డ్యూటీ అయ్యాక రాస్తాను.


ఆకుపచ్చ_సిరా:

నేను జన్యుశాస్త్రంలో పనిచేస్తాను. డాక్టర్ గారు చెప్పింది ముందు చేసి, ఆ తర్వాతే ఇది చదవండి.

మీ అన్నయ్య పట్టుకున్న కొస సరైనదే. శరీరం ఒక రకం పరిస్థితుల్లో రూపుదిద్దుకుంది, బతుకు ఇంకో రకం పరిస్థితుల్లోకి మారిపోయింది, ఆ రెండింటికీ పొంతన కుదరని చోట జబ్బులు వస్తాయి. దీన్నే మిస్‌మ్యాచ్ అంటారు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ కళ్ళది. పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనబడటం, రెండు మూడు తరాల్లో విపరీతంగా పెరిగింది, జన్యువులు అంత వేగంగా మారవు. కనుగుడ్డు సరిగ్గా పెరగడానికి ఆరుబయటి వెలుతురు కావాలేమో అన్న అనుమానంతో చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో పరీక్ష చేశారు. సగం బడుల్లో రోజుకి 40 నిమిషాలు అదనంగా బయట గడిపించారు. మూడేళ్ళ తర్వాత, బయటికి పంపని బడుల్లో 39.5 శాతం పిల్లలకి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, పంపిన బడుల్లో 30.4 శాతానికి వచ్చింది. ఈ ఫలితం 2015లో అచ్చయింది. ఇక్కడ ఒకటి గమనించండి. పాతకాలం మనిషి ఎలా బతికాడు అన్న ఆలోచన ఒక అనుమానాన్ని మాత్రమే ఇచ్చింది. బయటికి పంపితే లాభం ఉందని తేల్చింది పిల్లల మీద చేసిన పరీక్ష. మీ అన్నయ్య ఈ రెండో మెట్టు ఎక్కకుండానే నాన్నగారి మాత్రల దాకా వచ్చేశారు.

ఇక పదివేల ఏళ్ళు చాలవు అన్న మాట తప్పు. పెద్దయ్యాక కూడా పాలలోని లాక్టోజ్‌ని అరిగించుకోగలిగే గుణం పశువుల పెంపకం వచ్చాకే జనాల్లో వ్యాపించింది, అదీ యూరప్‌లో ఒక జన్యుమార్పు వల్ల, తూర్పు ఆఫ్రికాలో వేరే మార్పుల వల్ల, విడివిడిగా. ప్రపంచంలో మూడింట రెండొంతుల మంది పెద్దవాళ్ళలో లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ ఇప్పటికీ చిన్నప్పటి స్థాయిలో ఉండదు. అంటే పాలు మనిషికి పడతాయా పడవా అని అడిగితే ఏ మనిషికి అని తిరిగి అడగాల్సిందే. మలేరియా ఉన్న ప్రాంతాల్లో సికిల్ సెల్ జన్యువు (ఎర్రరక్తకణాల్ని కొడవలిలా వంచేది) ఎందుకు నిలిచిందో 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. ఒక ప్రతి ఉంటే మలేరియా నుంచి రక్షణ, రెండు ప్రతులు వస్తే రక్తహీనతతో, నొప్పులతో జీవితాంతం బాధ.

ధాన్యం కొత్తది అన్న మాట కూడా నిలబడదు. ఇజ్రాయెల్‌లో గలిలీ సరస్సు ఒడ్డున ఓహాలో అనే చోట 23 వేల ఏళ్ళ కిందటి మనుషులు అడవి బార్లీ, అడవి గోధుమ ఏరుకొచ్చి రాతి మీద నూరిన ఆనవాళ్ళు దొరికాయి. జోర్డాన్‌లో 14,400 ఏళ్ళ నాటి పొయ్యిలో రొట్టె ముక్కలు మాడి మిగిలాయి, అంటే అక్కడ సాగు మొదలవడానికి సుమారు నాలుగు వేల ఏళ్ళ ముందే! అసలు రాతియుగం తిండి అనే ఒక్క తిండి ఎప్పుడూ లేదు. ఇప్పటికీ వేట, సేకరణ మీద బతికే టాంజానియాలోని హడ్జా జనం తేనె, దుంపలు బాగా తింటారు. ధ్రువ ప్రాంతంలో బతికినవాళ్ళు దాదాపు మాంసం, చేపల కొవ్వు మీదే బతికారు. ఏది ఎక్కడ దొరికితే అది తిని నిలదొక్కుకోవడమే మన జాతి ప్రత్యేకత.

ఎదురు వాదన చేసేటప్పుడు మీరూ ఒక తప్పు చేయకండి. రాతియుగం మనుషులు ముప్పై ఏళ్ళకే పోయేవాళ్ళు, వాళ్ళని చూసి నేర్చుకునేదేంటి అని చాలామంది అంటారు. ఆ సగటు అంత తక్కువగా కనిపించేది పసిపిల్లల మరణాల వల్ల. ఇప్పటి వేట, సేకరణ సమాజాల లెక్కలు చూస్తే, బాల్యం దాటినవాళ్ళు డెబ్బై దాకా బతకడం వింతేమీ కాదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. ప్రకృతివరణం, అంటే ఏ గుణాలు తరతరాలకీ నిలుస్తాయో తేల్చే ఏరివేత, మన ఆరోగ్యం కోసం పనిచేయదు, సంతానం మిగలడమే దానికి లెక్క. వయసులో ఉన్నప్పుడు మేలు చేసే జన్యువు ముసలితనంలో కీడు చేసినా అది నిలిచిపోగలదని జార్జ్ విలియమ్స్ 1957లోనే రాశాడు. పూర్వీకులు ఫలానాది తిని పిల్లల్ని కని పెంచారు అన్నది నిజమే అయినా, పన్నెండేళ్ళ షుగర్ ఉన్న పెద్దాయనకి అదే మంచిది అని దాన్నుంచి తేలదు.


ఎదురీత:

ఆకుపచ్చ_సిరా గారు చెప్పినదాంట్లో తప్పులేదు కానీ మీ శాస్త్రం వాళ్ళే ఈ కథలకి విత్తనాలు వేశారు, ఆ మాట కూడా చెప్పాలి.

1962లో జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త పొదుపు జన్యువు అనే ఊహ చేశాడు. కరువులు తరచుగా వచ్చే కాలంలో కొవ్వు దాచుకోగలిగినవాళ్ళు బతికారు, ఆ జన్యువులే ఇప్పుడు తిండి దండిగా దొరికే కాలంలో షుగర్ తెస్తున్నాయి అని. వినడానికి ఎంత బాగుందో చూడండి, అందుకే అరవై ఏళ్ళుగా అందరి నోటా అదే. తర్వాత జాన్ స్పీక్‌మన్ లాంటివాళ్ళు గట్టిగా ప్రశ్నించారు. కరువులు అంత బలంగా ఏరి ఉంటే ఈపాటికి అందరికీ ఆ జన్యువులు ఉండాలి కదా, తిండికి కొదవలేని చోట కూడా ఇంతమంది సన్నగా ఎందుకున్నారు అని. 2016లో సమోవా ప్రజల్లో ఒక జన్యుమార్పు దొరికింది, అది ఉన్నవాళ్ళు లావెక్కుతారు, కానీ వాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం తక్కువ. కథకి సరిగ్గా అడ్డం తిరిగింది.

ఆ ఊహ ఎవరి మీద పడిందో చూస్తే నాకు కడుపు మండుతుంది. అమెరికాలో అరిజోనాలోని పీమా అనే ఆదివాసీ జనంలో షుగర్ చాలా ఎక్కువ, దశాబ్దాలపాటు దాన్ని వాళ్ళ జన్యువుల ఖాతాలో రాశారు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం అరిజోనా పీమాలనీ, సరిహద్దుకి అవతల మెక్సికో కొండల్లో ఉండే వాళ్ళ బంధుజనాన్నీ పోల్చింది. అరిజోనాలో 38 శాతం మందికి షుగర్, మెక్సికో పీమాల్లో 6.9 శాతం మందికి. ఒకే మూలం నుంచి వచ్చిన జనం వాళ్ళు! అరిజోనా పీమాలు తరతరాలుగా హీలా నది నీటితో పంటలు పండించుకున్న రైతులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన వచ్చి స్థిరపడినవాళ్ళు ఆ నీళ్ళు మళ్ళించేసుకున్నారు, పొలాలు ఎండిపోయాయి, జనం ఆకలితో అల్లాడారు, ఆ తర్వాత సర్కారు పంచిన పిండి, కొవ్వు, చక్కెరే తిండి అయింది. నది ఎవరు ఎత్తుకుపోయారు అని అడగాల్సిన చోట మీ జన్యువుల్లో లోపం ఉంది అన్నారు.

ఇది నాకు పుస్తకాల గొడవ కాదు. మా అమ్మకి షుగర్ బయటపడినప్పుడు చూసిన డాక్టర్ "మీ వంశంలోనే ఉంది, ఏం చేసినా ఇంతే" అనేశారు. అమ్మ ఆ రోజు నుంచి నడకకి వెళ్ళడం మానేసింది. ఎంత చెప్పినా "రాసిపెట్టి ఉన్నదాన్ని నడిచి మార్చేస్తానా" అంటుంది. మీ అన్నయ్య కథ ఒక వైపు తప్పయితే ఇది ఇంకో వైపు తప్పు, రెండూ పరిణామం పేరు చెప్పుకునే తిరుగుతున్నాయి.


ఆకుపచ్చ_సిరా:

ఒప్పుకుంటున్నాను ఎదురీత గారూ. పీమాల సంగతి మా క్లాసులో కూడా జన్యువుల పాఠంగానే చెప్పారు, నది సంగతి నేను చాలా ఏళ్ళ తర్వాత వేరే చోట చదివాను. అమ్మగారికి అలా చెప్పకుండా ఉండాల్సింది. వంశంలో ఉండటం వల్ల రిస్క్ పెరుగుతుంది, అంతే, నడకకి ఫలితం ఉండదని దాని అర్థం కాదు. ఇంట్లో అమ్మానాన్నలకి షుగర్ ఉన్నవాళ్ళలో కూడా బరువు, నడక తేడా తెస్తాయి.


బడిగంట:

బయాలజీ టీచర్‌ని. నాకు రెండు వైపుల నుంచీ తల్లిదండ్రులు వస్తారు. కొందరు మా పిల్లలకి పరిణామం చెప్పొద్దు, అది మా నమ్మకాలకి విరుద్ధం అంటారు. వాళ్ళతో నేను మనిషి, కోతి దగ్గర మొదలుపెట్టను, యాంటీబయాటిక్‌ల దగ్గర మొదలుపెడతాను. 2016లో హార్వర్డ్ వాళ్ళు బల్లంత పెద్ద పళ్ళెంలో, అంచుల దగ్గర మందు లేకుండా, మధ్యకి వచ్చేకొద్దీ మందు పదింతలు పదింతలుగా పెంచి, బ్యాక్టీరియాని వదిలారు. మొదట్లో చంపేసిన మోతాదుకి వెయ్యి రెట్లున్న చోటికి అవి పదీ పన్నెండు రోజుల్లో పాకేశాయి. ఆ వీడియో చూపించాక నాతో వాదించినవాళ్ళు తక్కువ, కనీసం కూర్చుని మాట్లాడతారు.

ఇంకో రకం వాళ్ళు వానపిట్ట గారి అన్నయ్య లాంటివాళ్ళు, పరిణామాన్ని అతిగా నమ్మేవాళ్ళు. వాళ్ళు నాతో చెప్పేది టీకాల గురించి. 1989లో డేవిడ్ స్ట్రాచన్ బ్రిటన్‌లో పదిహేడు వేల మంది పిల్లల వివరాలు చూసి, ఎక్కువమంది అన్నలు, అక్కలు ఉన్న ఇంట్లో పిల్లలకి అలర్జీ జలుబు తక్కువ అని రాశాడు. చిన్నప్పుడు సూక్ష్మజీవుల పరిచయం లేకపోతే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పుతుందేమో అన్న ఆలోచన అక్కడి నుంచి పెరిగింది. దాన్ని పట్టుకుని, జబ్బులు రావడమే మంచిది, తట్టు టీకా వద్దు అంటారు. కానీ ఆ ఆలోచనని తర్వాత గ్రహమ్ రూక్ పాత స్నేహితులు అనే పేరుతో సరిదిద్దాడు. మనతో లక్షల ఏళ్ళుగా కలిసి బతికినవి మట్టిలోవి, పేగుల్లోవి, జంతువుల ఒంటి మీదవి. తట్టు వాటిలో ఒకటి కాదు. తట్టు వైరస్ ఆగకుండా వ్యాపిస్తూ బతకాలంటే లక్షల మంది ఒక్కచోట ఉండాలి, కాబట్టి పెద్ద ఊళ్ళు పుట్టేదాకా అది మనుషుల్లో నిలదొక్కుకునే వీలే లేదు. రాతియుగం మనిషికి దాని ముఖమే తెలియదు! పైగా తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో అంతకుముందు వేరే జబ్బుల మీద సంపాదించుకున్న రక్షణ కూడా కొంతవరకు, కొందరిలో చాలావరకు చెరిగిపోతుంది. మీ అన్నయ్య పాపకి టీకాలు వేయించారో లేదో ఒకసారి కనుక్కోండి, నాకు అదే దిగులుగా ఉంది.


రాత్రిడ్యూటీ:

జ్వరం సంగతి. ఇందులో మీ అన్నయ్య చెప్పిన విషయం నిజం, చేసిన పని తప్పు.

1970లలో మాథ్యూ క్లూగర్ ఎడారి ఇగ్వానాలు అనే బల్లి జాతి జీవుల మీద ప్రయోగాలు చేశాడు. వాటికి మనలాగా ఒంట్లోంచి వేడి పుట్టదు, జబ్బు చేస్తే వెచ్చటి చోటికి పాకి జ్వరం తెచ్చుకుంటాయి. బ్యాక్టీరియా ఎక్కించాక వెచ్చగా ఉంచినవి ఎక్కువ బతికాయి, చల్లగా ఉంచినవి ఎక్కువ చచ్చిపోయాయి. కాబట్టి జ్వరానికి ఒక పని ఉంది, అందులో సందేహం లేదు.

అయితే ర్యాండాల్ఫ్ నెస్సె చెప్పిన పొగ అలారం పోలిక గుర్తుంచుకోవాలి. నిజంగా నిప్పంటుకున్నప్పుడు మోగకపోతే ఇల్లు పోతుంది, పొయ్యి మీద ఏదో మాడినప్పుడు అనవసరంగా మోగితే చిరాకు మాత్రమే. అందుకని అలారం అతిగా మోగేలాగే తయారవుతుంది. జ్వరం, వాంతి, నొప్పి, టెన్షన్ అన్నీ ఆ లెక్కలోవే. కావలసిన దానికంటే ఎక్కువ వస్తాయి, అందుకే చాలాసార్లు వాటిని కాస్త తగ్గించినా ఏ నష్టమూ జరగదు. ఐసీయూలో ఇన్ఫెక్షన్, జ్వరం ఉన్న 700 మంది మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన ట్రయల్ 2015లో అచ్చయింది. పారాసెటమాల్ ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ ఐసీయూ బయట గడిపిన రోజుల్లో తేడా రాలేదు. మేలూ లేదు, కీడూ లేదు.

అందుకని పిల్లల విషయంలో నేను థర్మామీటర్ కంటే పిల్లనే చూస్తాను. 101 ఉన్నా ఆడుకుంటూ, నీళ్ళు తాగుతూ ఉంటే మందు వేయక్కర్లేదు. ఒళ్ళు నొప్పులతో నీళ్ళు కూడా తాగకపోతే బరువుకి తగిన మోతాదు వేసి, తేలికపడ్డాక తాగించాలి, ఎందుకంటే జ్వరం కంటే ఒంట్లో నీరు తగ్గడం ఆ పిల్లని త్వరగా పడేస్తుంది. వదినగారు భయపడింది సరైనదానికే. మూడు నెలల లోపు పసికందుకి 100.4 వచ్చినా, ఏ వయసు పిల్లలైనా మత్తుగా పడి ఉన్నా, మెడ బిగుసుకున్నా, ఊపిరి కష్టమైనా, మూత్రం బాగా తగ్గినా ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోవద్దు.

మాత్రల పేర్లు తెలిశాయా?


వానపిట్ట:

అందరికీ చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను. ఆపేసింది మెట్‌ఫార్మిన్. అప్పుడప్పుడు వేసుకుంటున్నది గ్లిమిపిరైడ్, అంటే మీరు భయపడిందే. నిన్న సాయంత్రం మళ్ళీ చేతులు వణికితే మీటర్ పెట్టాను, 58 వచ్చింది. చక్కెర నీళ్ళు ఇచ్చాను, కాసేపటికి 96కి వచ్చింది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. ఆ 58 చూసి ఏమీ అనలేదు, గ్లాసు తనే కడిగి పెట్టాడు.

రాత్రి నేను ధాన్యం గురించి వాదించలేదు. ఓహాలో గురించీ, జోర్డాన్ రొట్టె గురించీ చెప్పాలని నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. నాన్న ఏం తింటున్నారో డాక్టర్‌కి నువ్వే చెప్పు, మాకంటే నీకే బాగా తెలుసు అన్నాను. వస్తానన్నాడు, రేపు పొద్దున అపాయింట్‌మెంట్. పాపకి అన్ని టీకాలూ వేయించామని వదిన చెప్పింది, బడిగంట గారూ, మీరు దిగులు పడకండి.

డాక్టర్ గారూ, ఒక్కటి అడగాలి. ఈ రాత్రి గ్లిమిపిరైడ్ వేయాలా వద్దా?


రాత్రిడ్యూటీ:

58 చూశాక, ఆయన్ని ఎప్పుడూ చూడని నేను ఇక్కడ కూర్చుని వేయండి అనీ వద్దనీ చెప్పకూడదు. ఇప్పుడే వాళ్ళ డాక్టర్‌కి ఫోన్ చేయండి, దొరక్కపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళి ఈ రెండు రీడింగులూ చూపించి అడగండి. ఆ మాత్ర ఒంట్లో చాలా గంటలు పనిచేస్తుంది, ఒకసారి పెరిగిన షుగర్ మళ్ళీ దిగొచ్చు. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి మీటర్ పెట్టండి. రీడింగులన్నీ టైముతో సహా కాగితం మీద రాసి రేపు తీసుకెళ్ళండి.

మూడింటికి అన్నయ్యనే లేపి చూడమనండి.